తోకచుక్క కింద నాలుగు చుక్కలు

మన క్లాసు రేడియో ఫోను చేసి, బడి పూర్వ విద్యార్థుల సంచికకు రెండు పేజీలు రాయమన్నాడు. బడిలో గడిపిన రోజుల మీద ఏదైనా సరేనట, కాకపోతే రెండు పేజీలు దాటకూడదట. దానితో పాటు పాస్‌పోర్టు సైజు ఫొటో, ప్రస్తుత హోదా, పిల్లలు ఏం చేస్తున్నారో ఒక వాక్యం జతచేయాలట. నలభై ఏళ్ల కిందట వాడు ఎలా మాట్లాడేవాడో ఇప్పుడూ అలాగే మాట్లాడుతున్నాడు. ఎదుటివాడు ఊపిరి పీల్చుకునే సందు కూడా వాడే వాడుకుంటాడు. నేను ఒప్పుకున్నానో లేదో తేల్చుకునేలోగా ఫోను పెట్టేశాడు. వారానికి కమిటీ తరఫున గుర్తుచేస్తూ ఒక సందేశం, ఆపై వారం మరొకటి. మూడోదానిలో ‘ఇదే ఆఖరి అవకాశం’ అని ఉంది. ఆ మాట చదవగానే హెడ్మాస్టరుగారి గొంతు వినిపించి ఉలిక్కిపడకపోతే నేను కలం పట్టేవాణ్ణే కాదు.

కాగితం ముందు పెట్టుకున్నాక తెలిసింది, నాకు గుర్తున్నది ఎంత తక్కువో. ఆరో తరగతిలో చేరిన రోజు గుర్తుంది, కొత్త చెప్పులు కరిచాయి కాబట్టి. ఏడో తరగతి మొత్తాన్ని ఎవరో ఎత్తుకుపోయారు. ఎనిమిదిలో జంట కవులు సైకిళ్ల కొట్టం గోడ మీద రాసిన పద్యం నాలుగు పాదాలూ ఇప్పటికీ నోటికి వచ్చు గాని, ఈ సంచికను ఇళ్లలో పిల్లలు కూడా తిరగేస్తారు. తొమ్మిదిలో కప్ప. కప్ప గురించి మీకు నేను చెప్పేదేముంది, మీలో సగం మంది బల్లలెక్కినవాళ్లే. సైన్సు గది తాళం ఎవరు తీశారన్నది మాత్రం ఇప్పటికీ చెప్పను. చెప్పవలసినవాడు ఈ కమిటీలో కోశాధికారి.

ఇక పదో తరగతి అంటే నాకు ఒక్క తెల్లవారుజాము. 1986 మార్చి 14, శుక్రవారం. మిగతా ఏడాదంతా ఆ వేకువ చుట్టూ మసగ్గా కనిపిస్తుంది. అందుచేత ఇది బడి గురించిన వ్యాసం కాదు, డ్రిల్లు మాస్టారి గురించి. ఆయన పోయి మొన్నటికి ఏడాది నిండింది.

ఆయన పనిచేస్తుంటే చూసేవాడికి అలుపు వచ్చేది. మనం బడికి చేరేసరికి మైదానం చుట్టూ ఉన్న మొక్కలన్నిటికీ నీళ్లు పోయడం అయిపోయి, ఆట గీతలకు సున్నం వేయడం అయిపోయి, గోడ గడియారానికి కీ ఇవ్వడం కూడా అయిపోయి, ఆయన మడిచిన ప్యాంటు అంచులు కిందికి దింపుకుంటూ ఉండేవారు. అటెండరు రాకపోతే గంట ఆయనే కొట్టేవారు. భూగోళం మాస్టారు సెలవు పెడితే ఆ పీరియడూ ఆయనదే. స్కౌట్లు సరేసరి. ‘జీతం డ్రిల్లుకే కదండీ ఇచ్చేది’ అని ఎవరో అంటే, ‘మిగతావి నా ముచ్చట నాయనా’ అన్నారు. అన్నది రేడియోతోనే అనుకుంటాను. అంత ధైర్యంగా అడిగేవాడు మనలో ఇంకెవడున్నాడు?

తరగతి గదిలో ఆయన సగం మనిషి. పైకప్పు కిందికి రాగానే భుజాలు వంగిపోయేవి, మాట తడబడేది, మెల్లగా కిటికీ పక్కకు జరిగి సగం పాఠం బయటికి చూస్తూ చెప్పేవారు. అదే మైదానంలో అడుగు పెట్టారంటే గొంతు మారిపోయేది. ఈల అవసరం లేకుండానే అవతలి గోల్‌పోస్టు దగ్గర ఉన్నవాడికి వినిపించేది. దేవుడిలాంటి మనిషి అని రాయడానికి మనసొప్పడం లేదు. కోపం ముక్కు మీదే ఉండేది. మూడు నిమిషాలు ఆలస్యమైతే మైదానం చుట్టూ మూడు చుట్లు. ఒకసారి గడియారమే తప్పు చూపించిన పాపానికి తాబేలు పన్నెండు చుట్లు పరుగెత్తాడు. మర్నాడు సంగతి తెలిసి, మాస్టారు మా అందరి ముందూ తానే పన్నెండు చుట్లూ పరుగెత్తి వచ్చి, రొప్పుతూ వాడి పక్కన నిలబడ్డారు. క్షమించమని నోటితో అడగలేదు. అడగడం ఆయనకు చేతకాదని నా అనుమానం.

లోకాన్ని కొలవడానికి మన ఒళ్లు చాలునని ఆయన నమ్మకం. చెయ్యి చాచి పిడికిలి పడితే ఆకాశంలో పది డిగ్రీలు, చిటికెన వేలు ఒక డిగ్రీ. పొద్దు వాలే వేళ సూర్యుడికీ నేలకూ నడుమ ఎన్ని వేళ్లు పడతాయో చూసి, వేలికి పావుగంట చొప్పున ఇంకెంత వెలుగు మిగిలిందో చెప్పించేవారు. మెరుపుకూ ఉరుముకూ మధ్య సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగించండి, పిడుగు ఎన్ని కిలోమీటర్ల అవతల పడిందో తెలుస్తుంది. ధ్రువ నక్షత్రం దిగంతం నుంచి ఎన్ని డిగ్రీల ఎత్తున ఉందో మీరున్న చోటి అక్షాంశం అదే. నూరు మీటర్లకు ఎన్ని అడుగులు పడతాయో ఎవడి లెక్క వాడు తెలుసుకుని ఉండాలి. నాకు 134 పడేవి. జెండా కర్ర ఎత్తును నీడతో కొలిపించిన రోజున లెక్కల మాస్టారు వరండాలోంచి చూసి, ‘నేను నెల రోజులుగా నల్లబల్ల మీద మొత్తుకుంటున్న సరూప త్రిభుజాలు అవేరా’ అని నెత్తి కొట్టుకున్నారు. మాకు మాత్రం అవి వేరే త్రిభుజాలనిపించాయి. వీటికి నీడ ఉంది.

స్కౌట్ల విడిది ఆదివారం పెట్టమని మనం అడిగి అడిగి విసిగిపోయాం, జ్ఞాపకముందా? ‘ఆదివారం ఇంటిది’ అనేవారు, అంతే. ఇంట్లో పడక కుర్చీలో నిద్రపోతారు కాబోలనుకున్నాం. తరవాత ఒక ఆదివారం జంట కవులు చెరువు గట్టున ఆయన్ను చూసి వచ్చి చెప్పారు. సైకిలు ముందు కడ్డీ మీద చిన్నమ్మాయి, వెనక క్యారియరు మీద అమ్మగారు, నడిపమ్మాయి చేతిలో చేతికర్ర, పెద్దమ్మాయి పక్కన నడుస్తూ పిట్టల పేర్లు పుస్తకంలో ఎక్కించుకుంటూ. మాస్టారు సైకిలు తొక్కడం లేదట, తోసుకుంటూ నడుస్తున్నారట. అమ్మగారికి ఎగశ్వాస, నడవలేరు. బయటి గాలి మంచిదని వైద్యుడు చెప్పాడో, లేక మాస్టారే ఆ వైద్యుడి చేత చెప్పించారో గాని, ప్రతి ఆదివారం ఆ ఇల్లు ఇల్లంతా ఆరుబయటే ఉండేది.

చివరికి ఒక శనివారం రాత్రి విడిదికి ఒప్పుకున్నారు, ఇంటిని వెంటబెట్టుకుని రావడానికి మనం ఒప్పుకుంటే. ఒప్పుకున్నాం. అది మన పరువు తీసింది. బౌలైన్ ముడి నాకు ఆరో ప్రయత్నంలోనూ జారిపోతుంటే, మొదటి తరగతి చదివే చిన్నమ్మాయి కళ్లు మూసుకుని వేసి చూపించింది. తరవాత మూడు పాయల తాడు పేనడం నేర్పాలి. తాళ్లు చాలలేదు. మాస్టారు నడిపమ్మాయిని పిలిచి కూర్చోబెట్టి, జడ విప్పి, మన ముప్పై మంది ముందూ మూడు పాయలు తీసి అల్లడం మొదలుపెట్టారు. వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. మాస్టారు తలెత్తలేదు. ‘జడ వేయడం రానివాడికి తాడు పేనడం రాదు. నవ్వినవాడు వచ్చి ఇదే జడ మళ్లీ వేయాలి’ అన్నారు. నవ్వింది నేనే. వేశాను. వంకరగా వచ్చింది. ఆ అమ్మాయి తెల్లవార్లూ ఆ వంకర జడతోనే తిరిగింది, పాపం.

ఇక తోకచుక్క.

ఫిబ్రవరి 9న అది సూర్యుణ్ణి చుట్టి వెనక్కు తిరిగిందని పత్రికలో వచ్చిన రోజు నుంచి మాస్టారికి నిద్ర లేదు. భూగోళం పీరియడు దొరికితే చాలు, హేలీగారి కథ. 1531లో, 1607లో, 1682లో వచ్చినవి మూడు తోకచుక్కలు కావు, ఒకటేనని ఆయన లెక్క కట్టాడు. మళ్లీ 1758లో రావాలన్నాడు. 1742లో తాను పోయాడు. వస్తుందో రాదో చూసుకునే యోగం లేదు. అయితే మాస్టారు మురిసిపోయింది హేలీగారిని చూసి కాదు, పాలిచ్ అనే రైతును చూసి. జర్మనీలో డ్రెస్డెన్ దగ్గర వ్యవసాయం చేసుకునే మనిషి. పగలు పొలం, రాత్రి ఆకాశం. 1758 డిసెంబరు 25 రాత్రి ఆ తిరిగి వచ్చిన చుక్కను అందరికంటే ముందు కనిపెట్టింది అతనే. ‘పండితులంతా వెతుకుతున్నారు నాయనా, దొరికింది మాత్రం దున్నుకునేవాడికి’ అంటూ మాస్టారు నవ్విన నవ్వు మీకెవరికైనా గుర్తుందా? ఆ నవ్వు ఆయన సొంత విషయమని అప్పుడు నాకు తెలియదు.

హెడ్మాస్టరుగారు ససేమిరా అన్నారు. పరీక్షలు నెత్తి మీదికి వచ్చాయి, పిల్లల్ని నాలుగు గంటలకు లేపి చలిలో నిలబెడతారా అని. అప్పుడు డ్రిల్లు మాస్టారు చెప్పిన జవాబు వరండాలో నిలబడి మనమంతా విన్నాం. ‘అయ్యా, పరీక్ష పోతే ఆరు నెలలకు మళ్లీ వస్తుంది. ఇది పోతే 2061 దాకా రాదు.’ ఆయన మీద హెడ్మాస్టరుగారికి కోపం రావడం న్యాయమే. కాని అనుమతి ఇచ్చారు. పైగా తాను కూడా శాలువా కప్పుకుని వచ్చారు. అది కూడా రాయాలి.

ఆడపిల్లల ఇళ్లలో ఒప్పుకోవడానికి కారణం వేరు. మాస్టారు స్వయంగా ఒక్కో ఇంటికీ వెళ్లి, ‘మా ఆవిడా పిల్లలూ కూడా వస్తున్నారండీ’ అని చెప్పి వచ్చారు. అమ్మగారు వచ్చారు, మెట్ల మీద కూర్చుని, చేతిలో ఒక చీటీతో. ఆవిడ పని మనల్ని లెక్కపెట్టడం. మొత్తం 31 మంది. రెండుసార్లు లెక్కపెట్టినా 30 మందే తేలారు.

చీకటి అంటే అసలు చీకటి. చంద్రుడు ఎప్పుడో అస్తమించాడు. వరండా దీపాలు ఆర్పించారు. మాస్టారి టార్చికి ఎర్ర కాగితం చుట్టి, రబ్బరు బ్యాండు వేసి ఉంది. కళ్లు చీకటికి అలవాటు పడడానికి అరగంట పడుతుంది, తెల్ల వెలుగు ఒక్క క్షణం తగిలినా ఆ అరగంటా వృథా అన్నారు. అన్న ఐదు నిమిషాలకు ఫస్టు ర్యాంకు తన కొత్త టార్చి ఎంత దూరం పడుతుందో చూద్దామని వెలిగించాడు. మళ్లీ అరగంట. ఆ అరగంటలో వాడు విన్న మాటలు వాడి జీవితంలో మరే ఉపాధ్యాయుడూ అనలేదని ప్రమాణం చేసి చెప్పగలను.

‘ఆగ్నేయం. రెండు పిడికిళ్ల ఎత్తు. దాన్నే గుచ్చి చూడకండి. కాస్త పక్కకు చూడండి, అప్పుడు కంటి కొసన తగులుతుంది. మసక వస్తువులు కంటి కొసకే దొరుకుతాయి.’ ఇది మాస్టారు. అందరం చేతులు చాచి, పిడికిలి మీద పిడికిలి పెట్టి, ఆకాశంలో ఎవరినో కొట్టబోతున్నట్టు నిలబడ్డాం. తోక వెనకాల కాదు, ముందు ఉంటుంది చూడండి అని కూడా చెప్పారు. తోక ఎప్పుడూ సూర్యుడికి ఎదురు దిక్కున ఉంటుంది కాబట్టి, సూర్యుణ్ణి చూసి వెళ్లిపోయేటప్పుడు తోకే ముందు నడుస్తుందట, తల దాని వెనక.

నాకు ఏమీ కనిపించలేదు. నిజం చెప్పాలంటే మనలో ఎవరికీ కనిపించలేదు. కాని పక్కవాడు ‘అదిగో’ అనగానే మనమూ ‘అదిగో అదిగో’ అన్నాం. చిన్నమ్మాయి అప్పటికి తండ్రి భుజం మీద ఉంది. ఇంటి నుంచి రెండు మైళ్లు ఆ పిల్లను అలాగే ఎత్తుకుని వచ్చారు. సైకిలు మీద ఆ రోజు అమ్మగారు. మాస్టారు ఆ పిల్ల గడ్డాన్ని వేలితో అటు తిప్పి, ‘చూశావా అమ్మా?’ అన్నారు. ‘చూశాను నాన్నా’ అంది. అంత స్పష్టంగా. ఆరేళ్ల పిల్లకు కనిపించినది మనకు కనిపించకపోవడమేమిటని సిగ్గేసి, అందరం ఇంకాస్త గట్టిగా ‘అదిగో’ అన్నాం.

ఆ తప్పిపోయిన 31వ వాడు తాబేలు. నీళ్ల తొట్టి వెనక, మన టార్చీలకూ మన అరుపులకూ దూరంగా ఒక్కడే వెల్లకిలా పడుకుని ఉన్నాడు. తూరుపు తెల్లబారుతుండగా అమ్మగారే వాణ్ణి కనిపెట్టారు. మాస్టారు గద్దించబోతుంటే వాడు అన్నాడు: ‘కనిపించిందండీ. చొక్కా మీద నూనె మరక ఉతికాక కూడా కాస్త మిగులుతుంది చూడండి, అలా ఉంది. అంతే ఉంది.’ మాస్టారు గద్దించడం మానేసి, వాడి పక్కన నేల మీద కూలబడి, ఎంత సేపు, ఎక్కడ, ఏ చుక్కకు ఏ పక్కన అని ఒక్కొక్కటే అడిగారు. అప్పుడు వాడి ముఖం చూడవలసింది. గడియారం తప్పుకు పరుగెత్తిన పన్నెండు చుట్లూ ఆ పూట తీరిపోయాయి.

సరిగ్గా ఆ వేకువనే, మనం పిడికిళ్లు పేర్చుకుని నిలబడ్డ వేళకే, జొట్టో అనే వ్యోమనౌక ఆ తోకచుక్క గర్భానికి 600 కిలోమీటర్ల దగ్గరగా దూసుకుపోయిందని చాలా ఏళ్లకు గాని నాకు తెలియలేదు. పదిహేను కిలోమీటర్ల పొడవున్న నల్లటి ముద్ద అట అది. ‘దేదీప్యమానం’ ఏమీ కాదు.

దేదీప్యమానం సంగతి మీరు మరిచిపోయి ఉండరు. మర్నాడు పరిశీలన పుస్తకాలు ఇమ్మన్నారు. ఫస్టు ర్యాంకు రాసింది: ‘తోకచుక్కను చూశాను. అది ఆగ్నేయ దిశలో దేదీప్యమానంగా ప్రకాశించింది.’ సాయంత్రానికి 23 పుస్తకాల్లో దేదీప్యమానంగా ప్రకాశించింది. మాస్టారు ఒక్క మాట అనకుండా 23 చోట్లా ‘చూశాను’ అన్న మాటను ఎర్ర సిరాతో కొట్టేశారు. ఆయన దిద్దుబాటు ఎప్పుడూ చిత్రంగా ఉండేది. మిగతా మాస్టార్లలా సున్నా చుట్టడం, ఇంటూ పెట్టడం కాదు. సన్నటి గీత, దాని కొసన ఒక వంకర, అంచులో ఏదో గుర్తు. అదేం భాషో మనకు తెలిసేది కాదు. పుస్తకాలు తిరిగి ఇస్తూ ఇలా అన్నారు: ‘చూడనిది చూశానని రాస్తే, రేపు నిజంగా చూసినవాడి మాట కూడా ఎవరూ నమ్మరు. తాబేలు ఒక్కడే చూశాడు. వాడికి మీరు అన్యాయం చేశారు.’

నేను మళ్లీ రాశాను: ‘ఏమీ కనిపించలేదు. చలి వేసింది.’ దాని కింద ఎర్ర సిరాతో ‘బాగుంది’ అని వచ్చింది. ఆ బడిలో ఐదేళ్లలో నాకు వచ్చిన ఏకైక ‘బాగుంది’ అదే. పుస్తకం ఇప్పటికీ నా దగ్గర ఉంది.

హోదా రాయమన్నారు కాబట్టి చెబుతున్నాను. నేను సర్వేయరునయ్యాను. మొదట గొలుసు, తరవాత థియోడలైట్, ఆ తరవాత టోటల్ స్టేషన్, ఇప్పుడు ఉపగ్రహాలు. కనీసం నాలుగు ఉపగ్రహాలు దొరికితే భూమి మీద నువ్వెక్కడున్నావో పరికరమే చెప్పేస్తుంది, పిడికిళ్లతో పనిలేదు. అయినా కొత్తగా చేరిన పిల్లలకు మొదటి రోజు నేను నేర్పేది రెండే. నూరు మీటర్లకు నీ అడుగులెన్నో తెలుసుకో. ఫీల్డు బుక్కులో తప్పు పడితే చెరిపేయకు, గీత గీసి పక్కన రాయి. తప్పు కూడా కనిపిస్తూ ఉండాలి. రెండోది మా వృత్తిలో అందరూ చెప్పేదే గాని, నాకు చెప్పింది మాత్రం వృత్తి కాదు. కొండకు రెండు వైపుల నుంచీ తొలుచుకుంటూ వచ్చిన సొరంగం ఒకటి నా కొలతల మీద నడిచింది. మూడేళ్లకు లోపల ఇటువాళ్లూ అటువాళ్లూ ఎదురుపడిన రోజున తేడా ఎంతో చూస్తే, రెండు వేళ్ల మందం లేదు. దాన్ని నేను డిగ్రీల్లో చెప్పను. ఇంతకంటే గొప్పలు చెప్పుకుంటే మాస్టారు కొట్టేస్తారు.

పిల్లల గురించి ఒక వాక్యం: ఇద్దరూ ఆడపిల్లలు, ఇద్దరికీ పెళ్లిళ్ల దాకా జడలు నేనే వేశాను, వంకర పోయింది.

ఆయన్ను చివరిసారి చూసింది మూడేళ్ల కిందట. పని మీద అటు వెళ్లి, తెల్లవారకముందే గుమ్మం ముందు నిలబడ్డాను, ఆయన ఎలాగూ లేచి ఉంటారని. లేచి ఉన్నారు. మొక్కల మధ్య ఉన్నారు. అమ్మగారు పోయి అప్పటికి నాలుగేళ్లు. ఆవిడ మంచం పట్టిన చివరి రెండేళ్లూ రోజూ సాయంత్రం ఎత్తుకుని వచ్చి వేపచెట్టు కింద కుర్చీలో కూర్చోబెట్టి, పొద్దు ఎన్ని వేళ్లుందో చెప్పమని ఆవిణ్ణి అడిగేవారట. చెట్టు కింద రెండు కుర్చీలూ అలాగే ఉన్నాయి. నన్ను రెండో కుర్చీలో కూర్చోనివ్వలేదు. లోపలి నుంచి ముక్కాలి పీట తెచ్చి వేశారు. ‘ఇప్పుడు నూరు మీటర్లకు ఎన్నండీ?’ అని అడిగాను. ‘నూట తొంభై’ అన్నారు వెంటనే. ‘అడుగు చిన్నదయింది, అంకె పెద్దదయింది.’ మొన్న జనవరిలో 178 ఉండేదని కూడా చెప్పారు. రాసి పెట్టుకుంటున్నారు.

పోయిన రోజు కూడా మొక్కలకు నీళ్లు పోయడం అయ్యాకే కుర్చీలో కూర్చున్నారట. తన కుర్చీలోనే.

పలకరించడానికి వెళితే ముగ్గురు అక్కచెల్లెళ్లూ ఉన్నారు. పెద్దమ్మాయి పక్షుల మీద పరిశోధన చేసింది, నడిపమ్మాయి కళాశాలలో చెబుతోంది, చిన్నమ్మాయి పిల్లల వైద్యురాలు. ఒక్క డ్రిల్లు మాస్టారి జీతంతో ఇదెలా సాధ్యమైందని నేను మనసులో అనుకున్నదే చిన్నమ్మాయి పైకి చెప్పింది. రాత్రి తొమ్మిది నుంచి పన్నెండు దాకా, పదకొండేళ్ల పాటు, మాస్టారు ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దారట. బడిలో ఎవరికీ చెప్పవద్దని ఇంట్లో కట్టడి. పన్నెండుకు ఇంటికి వచ్చి, నాలుగున్నరకు లేచి, బడి మొక్కలకు నీళ్లు. ఆ ఎర్ర సిరా, ఆ వంకర గీతలు, అంచుల్లో ఆ గుర్తులు ఎక్కడివో నలభై ఏళ్లకు తెలిసింది. మన దేదీప్యమానాలన్నీ ఆయన రాత్రిపూట పని అలవాటుతో దిద్దినవే.

‘అన్నయ్యా, ఇది చూడండి’ అని చిన్నమ్మాయి రేకు పెట్టెలోంచి నాలుగు గీతల నోటు పుస్తకం తీసింది. ఆమెకు కూడా ఆ రోజు పరిశీలన రాయమని ఇచ్చారట. పేజీ సగానికి ఒక పెద్ద చుక్క బొమ్మ, తోక వెనక పక్కన. దాని కింద, మొదటి తరగతి అక్షరాలతో, ఒక్కో అక్షరం ఒక్కో సైజులో, ‘నేను నానతో తోకచుకను చూశాను.’ ఒత్తులు పోయాయి. వాటిని దిద్దలేదు. ‘చూశాను’ మీద మాత్రం సన్నటి ఎర్ర గీత. ఆ గీత కిందుగా, అక్షరాలకు సరిగ్గా అడుగున, వరసగా నాలుగు ఎర్ర చుక్కలు.

‘నేనేమీ చూడలేదు అన్నయ్యా. దారిలోనే నిద్రపోయాను. గడ్డం పట్టుకుని తిప్పినప్పుడు మెలకువ వచ్చింది, అడిగారు, చూశానన్నాను. అంత దూరం మోసుకొచ్చారు కదా. కళ్లు కూడా సరిగ్గా తెరవలేదు. నాన్నకు తెలుసు కాబోలు, అందుకే కొట్టేశారు. మరి ఈ చుక్కలేమిటో. పక్కన కూర్చుని నాకోసం నక్షత్రాలు పెట్టారనుకునేదాన్ని చిన్నప్పుడు.’ నాకూ తెలియలేదు. ఫోనుతో ఆ పేజీని ఫొటో తీసుకున్నాను.

రేడియో నాలుగోసారి ఫోను చేసినప్పుడు, వాడి వాగ్ధాటికి అడ్డుకట్ట వేయడానికి ఆ ఫొటో పంపాను. వాడి ముద్రణాలయం ఇప్పుడు రెండంతస్తులది. అయినా మొదలుపెట్టింది సీసపు అక్షరాలు పేర్చే కంపోజిటరుగానే కదా. ఫొటో చూసి వాడు మాట్లాడలేదు. నేను వాణ్ణి ఎరిగిన ఇన్నేళ్లలో ఫోను తెగిందేమోనని చూసుకోవలసి రావడం అదే మొదలు. తరవాత మామూలు గొంతుతో చెప్పాడు.

‘ప్రూఫు దిద్దేవాడు ఒక మాట కొట్టేస్తాడు. కొట్టేశాక మనసు మారి, వద్దులే, ఆ మాట ఉండాలి అనుకుంటాడు. గీత గీసేశాడు కదా, చెరపడానికి లేదు. అప్పుడు ఆ మాట అడుగున చుక్కలు పెడతాడు. కొట్టివేత చెల్లదు, ఉన్నది ఉన్నట్టే అచ్చు వేయండి అని దానర్థం.’

రేడియోకూ కమిటీకీ మనవి. ఇది రెండు పేజీలు దాటి ఎటో వెళ్లింది. సొరంగం కొట్టేయండి, కప్ప కొట్టేయండి, ఫస్టు ర్యాంకు నొచ్చుకుంటాడనుకుంటే టార్చి కూడా కొట్టేయండి. నా పాస్‌పోర్టు ఫొటో పంపడం లేదు. ఆ స్థలంలో చిన్నమ్మాయి నోటు పుస్తకం పేజీ వేయండి. అనుమతి అడిగి తీసుకున్నాను. రంగుల్లో వేస్తేనే ఎరుపు తెలుస్తుంది.